ఇంట్లో సిస్టమ్‌లో ఎవరివో తెలియని ఫైళ్లు కనబడితే

సీ డ్రైవ్ గీత ఎర్రగా మారింది. ఏం నిండిందా అని లోపలికి పోతే మీరు పెట్టని ఫోల్డర్లు, నోరు తిరగని పేర్లు, దేనితోనూ తెరుచుకోని ఫైళ్లు. అప్పుడు చాలామంది చేసేవి రెండే. ఏముందో చూద్దామని డబుల్ క్లిక్ కొడతారు, లేదంటే పీడ విరగడవుతుందని షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొడతారు. ఈ రెండింట్లో ఏదీ వద్దు. మొదటిది దొంగ ఫైలును నిద్రలేపుతుంది. రెండోది ఇంట్లోవాళ్ల మూడేళ్ల లెక్కలనో, పెళ్లి ఫోటోలనో రీసైకిల్ బిన్‌కు కూడా చేరకుండా పోగొడుతుంది. తీసేయడం ఆఖరి పని. ఆ ఫైలు ఎక్కడిది, ఎప్పుడు వచ్చింది, లోపలేముంది అనేవి తేలాకే ఆ పని.

కర్నూలు, అనంతపురం, కడపలో ఇంటి సిస్టమ్ ఒక్కరి సొత్తు కాదు. నాన్న ట్యాలీ లెక్కలు, పిల్లల ప్రాజెక్టులు, స్టూడియో వాళ్లిచ్చిన ఫోటోలు, జిరాక్స్ షాపుకు పోయొచ్చిన పెన్‌డ్రైవ్‌లోని సరుకు, సిస్టమ్ అసెంబుల్ చేసిన కుర్రవాడు వేసిన సాఫ్ట్‌వేర్లు అన్నీ ఒకే డిస్క్‌లో ఉంటాయి. తెలియని ఫైలు అనుకునేవాటిలో ఎక్కువ భాగం ఇంట్లోనే ఇంకొకరికి తెలిసిన ఫైలు, లేదా విండోస్ తన పనికి పెట్టుకున్న ఫైలు. అందుకే మొదట ఇంట్లోవాళ్లను అడగండి. ఆ తర్వాతే కింది పనులు.

ముందు ఫైళ్ల పూర్తి పేర్లు కనబడాలి

విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి తోకను దాచిపెడుతుంది. దొంగ ఫైళ్లకు అదే పెద్ద ఆసరా. "రెజ్యూమె డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ" అనే ప్రోగ్రామ్ మీ కంటికి "రెజ్యూమె డాట్ పీడీఎఫ్" లాగే కనబడుతుంది. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి పైన వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ మీద టిక్ పెట్టండి. అక్కడే హిడెన్ ఐటమ్స్ కూడా ఉంటుంది, దానికీ టిక్ పెట్టండి. విండోస్ 10లో ఈ రెండు టిక్కులూ వ్యూ ట్యాబ్‌లో ఎదురుగానే ఉంటాయి.

ఇంకా లోతుగా దాగినవి చూడాలంటే ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్‌కు పోయి "హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్" టిక్ తీయాలి. విండోస్ హెచ్చరిస్తుంది, ఎస్ అనండి. పని అయిపోగానే ఆ ఒక్క టిక్ మళ్లీ పెట్టేయండి. అది తీసి వదిలేస్తే ఇంట్లో ఇంకొకరు ఆ ఫైళ్లు చూసి చెత్త అనుకుని తీసేస్తారు.

తర్వాత వ్యూను డీటెయిల్స్‌కు మార్చండి. పైన నేమ్, సైజ్ అని ఉన్న వరుస మీద రైట్ క్లిక్ కొట్టి టైప్, డేట్ క్రియేటెడ్ అనే కాలమ్‌లు చేర్చండి. ఐకాన్ చూసి ఎప్పుడూ నమ్మొద్దు, టైప్ కాలమ్ చూడండి. పసుపు ఫోల్డర్ బొమ్మతో ఉన్నా టైప్‌లో అప్లికేషన్ అని ఉంటే అది ఫోల్డర్ కాదు. ఎక్స్‌ప్లోరర్‌లో ఫోల్డర్లకు ఎదురుగా సైజు కనబడదు. కాబట్టి "న్యూ ఫోల్డర్" ఎదురుగా కొన్ని వందల కేబీ సైజు కనబడిందంటే అది ఫోల్డర్ వేషం వేసుకున్న వైరస్ అనుకోండి.

ఎక్కడుంది, ఎప్పుడొచ్చింది

ఫైలు పేరు కన్నా అది ఉన్న చోటు ఎక్కువ చెబుతుంది. ఎస్‌వీసీహోస్ట్ అనే ప్రోగ్రామ్ విండోస్‌లోని సిస్టమ్32 ఫోల్డర్‌లో గానీ సిస్‌వౌ64 ఫోల్డర్‌లో గానీ ఉంటే అది విండోస్‌ది. అదే పేరు యాప్‌డేటా (ప్రోగ్రామ్‌లు తమ సరుకు దాచుకునే దాగిన ఫోల్డర్)లోనో, డౌన్‌లోడ్స్‌లోనో, పెన్‌డ్రైవ్‌లోనో కనబడితే అనుమానించాల్సిందే. అక్షరాలు అటూ ఇటూ మార్చిన "ఎస్‌సీవీహోస్ట్" ఎక్కడ కనబడినా దొంగదే. నడుస్తున్న ప్రోగ్రామ్ చోటు తెలియాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ ఒకేసారి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, దాని మీద రైట్ క్లిక్ కొట్టి "ఓపెన్ ఫైల్ లొకేషన్" ఎంచుకోండి.

తేదీల విషయానికొస్తే, ప్రాపర్టీస్‌లో క్రియేటెడ్, మాడిఫైడ్ అని రెండుంటాయి. క్రియేటెడ్ తేదీ మాడిఫైడ్ కన్నా తర్వాతిదైతే ఆ ఫైలు వేరే చోట తయారై, ఆ క్రియేటెడ్ రోజున మీ డిస్క్‌లోకి కాపీ అయిందన్నమాట. ఆ రోజు ఎవరు ఏ పెన్‌డ్రైవ్ పెట్టారో గుర్తు చేసుకుంటే సగం చిక్కు విడిపోతుంది. స్టార్ట్‌లో రిలయబిలిటీ అని కొడితే "వ్యూ రిలయబిలిటీ హిస్టరీ" వస్తుంది. ఏ రోజు ఏ సాఫ్ట్‌వేర్, ఏ అప్‌డేట్ పడిందో రోజువారీగా అందులో ఉంటుంది. ఫైలు పుట్టిన రోజూ, ఏదో ఇన్‌స్టాల్ అయిన రోజూ కలిస్తే దాని తల్లి దొరికినట్టే. నెట్ నుంచి దిగిన ఫైలైతే క్రోమ్‌లో కంట్రోల్, జే కొట్టండి. చరిత్ర చెరపకపోతే ఏ సైటు నుంచి దిగిందో కనబడుతుంది.

ప్రోగ్రామ్ ఫైళ్లకు ఇంకో పరీక్ష ఉంది. ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ అనే ట్యాబ్ ఉంటే అందులో కంపెనీ పేరును ఎంచుకుని డీటెయిల్స్ నొక్కండి. "దిస్ డిజిటల్ సిగ్నేచర్ ఈజ్ ఓకే" అని రావాలి. ట్యాబ్ లేదంటే వెంటనే దొంగ అనొద్దు. చిన్న సాఫ్ట్‌వేర్లకు చాలావాటికి సంతకం ఉండదు. విండోస్ సొంత ఫైళ్లలో కూడా కొన్నింటి సంతకం వేరే క్యాటలాగ్ ఫైలులో ఉంటుంది కాబట్టి ఈ ట్యాబ్ కనబడదు. అయితే మైక్రోసాఫ్ట్ పేరు చెప్పుకుంటూ యాప్‌డేటాలో కూర్చుని సంతకం లేని ఫైలును మాత్రం వదలొద్దు.

లోపలేముందో నడపకుండానే చూడటం

నోట్‌ప్యాడ్ ముందే తెరిచి, ఫైలును ఈడ్చుకొచ్చి అందులో వదలండి. ఇలా చేస్తే ఫైలు నడవదు, దాని అక్షరాలు మాత్రమే కనబడతాయి. పిచ్చి గీతలు వస్తాయి, రానీయండి. మొదటి వరుస చాలు. ఎంజెడ్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలతో మొదలైతే అది ప్రోగ్రామ్, తోక ఏదైనా సరే. శాతం గుర్తు వెంటనే పీడీఎఫ్ అని ఉంటే పీడీఎఫ్. మొదట్లోనే జేఎఫ్ఐఎఫ్ లేదా ఎగ్జిఫ్ అని కనబడితే ఫోటో. ఎఫ్‌టీవైపీ అని ఉంటే ఎక్కువగా ఎంపీ4 వీడియో. పీకే అని ఉంటే జిప్ జాతి. వర్డ్, ఎక్సెల్ కొత్త ఫైళ్లన్నీ ఈ జాతివే. అలాంటిదాన్ని కాపీ చేసి కాపీకి డాట్ జిప్ తోక తగిలించి తెరిస్తే, లోపల వర్డ్ అనే ఫోల్డర్ ఉంటే డాక్యుమెంటు, ఎక్స్‌ఎల్ అని ఉంటే ఎక్సెల్ షీటు.

నోట్‌ప్యాడ్ మూసేటప్పుడు సేవ్ చేయమంటే డోంట్ సేవ్ అనండి. పొరపాటున సేవ్ చేస్తే ఫోటో అయినా పీడీఎఫ్ అయినా పాడైపోతుంది. వందల ఎంబీ ఉన్న ఫైళ్లను నోట్‌ప్యాడ్‌లో వేయొద్దు, సిస్టమ్ బిగుసుకుపోతుంది.

విండోస్ సొంతవి

సీ డ్రైవ్ పైనే జీబీలకు జీబీలు తినే పెద్ద ఫైళ్లు హైబర్‌ఫిల్ డాట్ సిస్, పేజ్‌ఫైల్ డాట్ సిస్. మొదటిది హైబర్నేట్ కోసం, అంటే తెరిచిన పనులను డిస్క్‌లో దాచి సిస్టమ్ ఆపడం కోసం. మామూలుగా ర్యామ్‌లో 40 శాతం దాకా ఉంటుంది. 16 జీబీ ర్యామ్ ఉంటే 6 జీబీ పైన పోయిందన్నమాట. హైబర్నేట్ వాడకపోతే కమాండ్ ప్రాంప్ట్‌ను రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి "పవర్‌సీఎఫ్‌జీ స్పేస్ స్లాష్ హెచ్ స్పేస్ ఆఫ్" అని ఇంగ్లీషులో కొడితే ఫైలు దానంతటదే పోతుంది. దాంతోపాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగుతుంది, సిస్టమ్ లేవడం కొంచెం ఆలస్యమవుతుంది. పేజ్‌ఫైల్ ర్యామ్ చాలనప్పుడు వాడుకునేది, దాన్ని మాత్రం అలాగే ఉండనీయండి. 4 జీబీ, 8 జీబీ ర్యామ్ సిస్టమ్‌లకు అది లేకపోతే ప్రోగ్రామ్‌లు మధ్యలో ఆగిపోతాయి.

విండోస్ డాట్ ఓల్డ్ అంటే పాత విండోస్. కొత్త వెర్షన్‌కు మారాక 10 రోజులు వెనక్కి పోయే వీలు కోసం ఉంటుంది, తర్వాత దానంతటదే తొలగిపోతుంది. తొందరైతే సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లో "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్" టిక్ పెట్టి తీయండి. సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ ప్రతి డ్రైవ్‌లోనూ ఉంటుంది, రీస్టోర్ పాయింట్లు దాంట్లోవే. విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్ చాలా పెద్దదిగా చూపిస్తుంది. అందులో చాలా ఫైళ్లు సిస్టమ్32లోని ఫైళ్లకే రెండో పేరు, కాబట్టి నిజంగా తినే చోటు అంత ఉండదు. దాన్ని చేత్తో కెలికితే విండోస్ అప్‌డేట్లు ఆగిపోతాయి. విండోస్ ఫోల్డర్‌లో దాగిన ఇన్‌స్టాలర్ అనే ఫోల్డర్ కూడా అంతే. అందులోవి తీసేస్తే సాఫ్ట్‌వేర్లను తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయడం కుదరదు.

డీ డ్రైవ్ పైన అంకెలూ అక్షరాలూ కలగలిసిన చాంతాడంత పేరుతో ఫోల్డర్ ఉందా? అది అప్‌డేటో ఇన్‌స్టాలరో విప్పుకుని వదిలేసిన గుడారం. ఇన్‌స్టాలర్లలో కొన్ని ఎక్కువ ఖాళీ ఉన్న డ్రైవ్‌ను చూసుకుని అక్కడ విప్పుకుంటాయి, అందుకే సీ వదిలి డీలో కనబడుతుంది. వీసీరెడిస్ట్ అనే బొమ్మ ఫైలు, ఈయూఎల్ఏ అంటూ మొదలయ్యే టెక్స్ట్ ఫైళ్లు గుంపుగా డ్రైవ్ పైన పడి ఉంటే అవి విజువల్ సీ ప్లస్ ప్లస్ 2008 ప్యాకేజీ వదిలినవి. సిస్టమ్ ఒకసారి రీస్టార్ట్ చేశాక ఇవన్నీ తీసేయొచ్చు.

డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ, థంబ్స్ డాట్ డీబీ చిన్నవి, ప్రమాదం లేనివి. తీసినా మళ్లీ వస్తాయి.

కరెంటు పోయినప్పుడు పుట్టేవి

మన దగ్గర ఎండాకాలం కరెంటు చెప్పి పోదు. యూపీఎస్ బ్యాటరీ దిగిపోయి, మార్చకుండా నెట్టుకొస్తున్న ఇళ్లలో సిస్టమ్ ఠక్కున ఆగిపోతుంది. ఆ ఆగడంలో పుట్టే ఫైళ్లే జనాన్ని ఎక్కువ భయపెడతాయి. వీటి సంగతి వివరంగా తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే చాలాసార్లు పోయిందనుకున్న పని వీటిలోనే ఉంటుంది.

వర్డ్ ఫైలు తెరవగానే దాని పక్కనే టిల్డే, డాలర్ గుర్తులతో మొదలయ్యే దాగిన చిన్న ఫైలు పుడుతుంది. సైజు 162 బైట్లు. ఈ ఫైలు ఎవరో తెరిచి ఉన్నారని చెప్పే గుర్తు మాత్రమే అది, లోపల మీ రాత ఉండదు. వర్డ్ మూయగానే పోతుంది. కరెంటు పోతే మిగిలిపోతుంది, దాంతో తర్వాత ఫైలు తెరిస్తే "ఇంకొకరు వాడుతున్నారు" అంటుంది. వర్డ్ పూర్తిగా మూసి ఆ చిన్న ఫైలు తీసేస్తే సరి. సేవ్ చేయని రాత కావాలంటే వెతకాల్సింది డాట్ ఏఎస్‌డీ తోక. వర్డ్‌లో ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్, రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్ దారిలో పోతే అవి కనబడతాయి.

రెండోది ఫౌండ్ డాట్ 000 అనే ఫోల్డర్. సిస్టమ్ మళ్లీ లేచేటప్పుడు నల్ల తెర మీద డిస్క్ చెకింగ్ జరిగినప్పుడు, ఏ ఫోల్డర్‌కూ చెందకుండా తెగిపోయిన ముక్కలను విండోస్ అందులో పోగేస్తుంది. లోపల ఫైల్0000 డాట్ సీహెచ్‌కే, ఫైల్0001 డాట్ సీహెచ్‌కే అని వరుసగా ఉంటాయి. ఏదైనా ఫోల్డర్ ఖాళీ అయిపోయి, అదే సమయంలో ఈ ఫోల్డర్ పుట్టిందంటే మీ సరుకు ఇందులోనే ఉందేమో చూడాలి. చేయాల్సింది ఇది:

1. ఫౌండ్ ఫోల్డర్‌ను మొత్తంగా వేరే డిస్క్‌కు కాపీ చేయండి. అసలుదాన్ని ముట్టొద్దు. ఆ డ్రైవ్‌లో కొత్తగా ఏమీ రాయొద్దు.
2. కాపీలోని ఫైళ్లను సైజు వరుసలో పెట్టండి. 2 నుంచి 8 ఎంబీ మధ్యవి ఫోటోలయ్యే అవకాశం ఎక్కువ.
3. ఒక్కొక్కదాన్నీ పైన చెప్పినట్టు నోట్‌ప్యాడ్‌లో వేసి మొదటి అక్షరాలు చూడండి.
4. ఫోటో గుర్తు కనబడితే సీహెచ్‌కే తోక తీసి జేపీజీ పెట్టండి. పీడీఎఫ్ అయితే పీడీఎఫ్, పీకే అయితే ముందు జిప్.

ఫోటో సగం వరకు వచ్చి కింది సగం బూడిద రంగులో ఉంటే ఫైలు రెండు ముక్కలై రెండో ముక్క వేరేచోట పడిందన్నమాట. ఎంపీ4 వీడియోలు తిరిగి ఆడటం అరుదు. వీడియోకు సూచిక వంటి భాగం చాలా కెమెరాలు ఫైలు చివర్లో రాస్తాయి, ముక్కలో అది ఉండదు.

కరెంటు పోకపోయినా ఫౌండ్ డాట్ 001, 002 అని వరుసగా పెరుగుతుంటే అది డిస్క్ పోతున్న లక్షణం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూడండి. పసుపు రంగులో కాషన్ అని వచ్చి, రీఎలొకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్ల లెక్క పెరుగుతుంటే ఇంకేమీ ఆలోచించకుండా సరుకంతా వేరే డిస్క్‌కు తీసుకోండి. గుడ్ అని వస్తే క్యాబినెట్ తెరిచి డిస్క్‌కు పోయే సాటా కేబుల్ వదులైందేమో చూసి గట్టిగా బిగించండి.

ఇంట్లోవాళ్లవే, పేరు తెలియక భయపడేవి

దుకాణం లెక్కలు ఇంట్లో చూసుకునేవాళ్ల సిస్టమ్‌లో 10000, 10001 లాంటి అంకెల పేరుతో ఫోల్డర్, లోపల డాట్ 900 తోకతో ఫైళ్లు ఉంటే అవి ట్యాలీ ఈఆర్‌పీ 9 డేటా. ఒక్కో అంకె ఒక్కో కంపెనీ ఖాతా. చూస్తే చెత్తలాగే ఉంటాయి, తీసేస్తే ఏళ్ల లెక్కలు పోతాయి. ఇంత అమాయకంగా కనబడుతూ ఇంత విలువైన ఫోల్డర్ ఇంటి సిస్టమ్‌లో ఇంకోటి ఉండదు. కనబడగానే పెన్‌డ్రైవ్‌కు ఒక కాపీ తీయండి.

డాట్ సీఆర్2, ఎన్ఈఎఫ్, ఏఆర్‌డబ్ల్యూ అనేవి కెనాన్, నికాన్, సోనీ కెమెరాల ముడి ఫోటోలు, ఒక్కొక్కటి 20 ఎంబీ పైన ఉండొచ్చు. పెళ్లి స్టూడియో వాళ్లిచ్చిన హార్డ్ డిస్క్‌లో వేలల్లో ఉంటాయి. ఆల్బమ్ మళ్లీ వేయించాలంటే ఇవే కావాలి. అండర్‌స్కోర్ మ్యాకోస్‌ఎక్స్ ఫోల్డర్, చుక్కా అండర్‌స్కోర్‌తో మొదలయ్యే కొన్ని కేబీల ఫైళ్లు ఉంటే స్టూడియోలో మ్యాక్ వాడారని అర్థం, అవి మాత్రం తీసేయొచ్చు.

తెరిస్తే తెలుగు బదులు అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనబడే ఫైలు డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టినదై ఉండొచ్చు. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, పాత దస్తావేజుల నకళ్లు ఇలానే ఉంటాయి. ఆ ఫాంట్ ఉన్న సిస్టమ్‌లో చదవొచ్చు. డాట్ పీఎండీ, పీ65 అంటే పేజ్‌మేకర్. డాట్ డీఏవీ సీసీ కెమెరా రికార్డింగ్, వీఎల్‌సీలో చాలాసార్లు ఆడుతుంది. డాట్ ఓపస్ వాట్సాప్ వాయిస్ మెసేజ్. క్రిప్ట్14, క్రిప్ట్15 వాట్సాప్ బ్యాకప్, ఫోన్ మారేటప్పుడు పనికొస్తుంది. సీఆర్‌డౌన్‌లోడ్ తోక క్రోమ్‌లో సగంలో ఆగిన డౌన్‌లోడ్, తీసేయండి.

పాస్‌వర్డ్ అడిగే పీడీఎఫ్ అనగానే వైరస్ అనుకునేవాళ్లున్నారు. ఈ-ఆధార్ అయితే పేరులో మొదటి నాలుగు అక్షరాలు క్యాపిటల్స్‌లో, వెంటనే పుట్టిన సంవత్సరం. ఈ-ప్యాన్ అయితే పుట్టిన తేదీ, నెల, సంవత్సరం వరసగా ఎనిమిది అంకెలు.

పెన్‌డ్రైవ్ షార్ట్‌కట్లు

పరీక్ష దరఖాస్తు, హాల్ టికెట్, 1బీ, అడంగల్ ప్రింటు కోసం పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని నెట్ సెంటర్‌కు పోతాం. కర్నూలు రాజ్‌విహార్ దగ్గరైనా, అనంతపురం టవర్ క్లాక్ దగ్గరైనా, కడప ఏడురోడ్ల దగ్గరైనా రోజుకు లెక్కలేనన్ని పెన్‌డ్రైవ్‌లు గుచ్చే సిస్టమ్‌లో ఏముందో షాపతనికి కూడా తెలియదు. ఇంటికొచ్చి తెరిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లై, పక్కన ఎప్పుడూ చూడని ఫైలొకటి ఉంటుంది.

జరిగిందేమిటంటే, పెన్‌డ్రైవ్ పెట్టగానే ప్రోగ్రామ్ దానంతటది నడిచే వీలును మైక్రోసాఫ్ట్ విండోస్ 7 నుంచి తీసేసింది. అందుకని వైరస్‌కు మీ చేతి క్లిక్ కావాలి. అది మీ అసలు ఫోల్డర్లను దాచి అవే పేర్లతో షార్ట్‌కట్లు పెడుతుంది. మీరు క్లిక్ కొడితే ఫోల్డర్ తెరుచుకుంటుంది, వెనక వైరస్ కూడా నడుస్తుంది. ఫోల్డర్ మామూలుగా తెరుచుకుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ముందు పెన్‌డ్రైవ్ పీకేసి ఇంటి సిస్టమ్ బాగుందో లేదో చూసుకోవాలి. అది సోకి ఉంటే పెన్‌డ్రైవ్‌ను ఎన్నిసార్లు బాగుచేసినా పెట్టిన నిమిషంలో మళ్లీ పాడవుతుంది. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, స్కాన్ ఆప్షన్స్, మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. తెరిచిన పనులన్నీ సేవ్ చేసుకోండి, సిస్టమ్ రీస్టార్ట్ అయి సుమారు 15 నిమిషాలు తీసుకుంటుంది. ఆ తర్వాత విండోస్ కీ, ఆర్ కొట్టి "షెల్" రాసి కోలన్ పెట్టి "స్టార్టప్" అని ఇంగ్లీషులో రాసి ఎంటర్ కొట్టండి. వచ్చిన ఫోల్డర్‌లో డాట్ వీబీఎస్, డాట్ జేఎస్ తోకలున్న ఫైలు ఉంటే దాదాపుగా అదే దొంగ.

ఇప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టండి, దాని మీద డబుల్ క్లిక్ వద్దు. దాని డ్రైవ్ అక్షరం ఇంగ్లీషు "ఈ" అనుకుందాం. కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ ఇంగ్లీషు అక్షరం, కోలన్ కొట్టి ఎంటర్. తర్వాత ఈ వరుస: ఆట్రిబ్ (ఏ, టీ, టీ, ఆర్, ఐ, బీ), స్పేస్, మైనస్ హెచ్, స్పేస్, మైనస్ ఆర్, స్పేస్, మైనస్ ఎస్, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, స్లాష్ డీ, స్పేస్, నక్షత్రం గుర్తు, చుక్క, నక్షత్రం గుర్తు. ఎంటర్ కొట్టే ముందు డ్రైవ్ అక్షరం మరోసారి చూసుకోండి, ఈ కమాండ్ సీ డ్రైవ్ మీద కొట్టకూడదు. దాగిన ఫోల్డర్లు బయటికొస్తాయి. రాకపోతే పేరే లేనట్టు కనబడే ఫోల్డర్ ఒకటి ఉందేమో చూడండి, కొన్ని వైరస్‌లు సరుకంతా అలాంటి ఫోల్డర్‌లోకి తోసేస్తాయి. మీ డాక్యుమెంట్లు, ఫోటోలు మాత్రమే కాపీ చేసుకుని, షార్ట్‌కట్లు, ప్రోగ్రామ్‌లు అలాగే వదిలి పెన్‌డ్రైవ్ ఫార్మాట్ కొట్టండి.

ఇక మీదట ప్రింటుకు వేరే చిన్న పెన్‌డ్రైవ్ పెట్టుకోండి. అందులో ఆ రోజుకు కావాల్సిన పీడీఎఫ్ తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఇంటికొచ్చాక తెరిచి చూడకుండానే ఫార్మాట్.

అనుమానం తీరకపోతే

వైరస్‌టోటల్ అనే సైటు ఒకే ఫైలును పదుల యాంటీవైరస్‌లతో చూపిస్తుంది. 650 ఎంబీ దాకా తీసుకుంటుంది. అయితే అక్కడ ఎక్కించిన ఫైలు భద్రతా సంస్థల చేతికి కూడా పోతుంది. ఆధార్, బ్యాంకు కాగితాలు, ఇంటి ఫోటోలు ఎప్పుడూ ఎక్కించొద్దు. ఎక్కించకుండానే ఫైలు వేలిముద్రతో వెతకొచ్చు. పవర్‌షెల్ తెరిచి "గెట్ హైఫన్ ఫైల్‌హ్యాష్" అని ఇంగ్లీషులో రాసి స్పేస్ ఇచ్చి, ఫైలు మీద కాపీ యాజ్ పాత్ తీసుకుని అతికించి ఎంటర్ కొడితే 64 అక్షరాల వరుస వస్తుంది. దాన్ని సైటులో సెర్చ్‌లో వేయండి. ఒకటి రెండు యాంటీవైరస్‌లే ఎర్రగా చూపిస్తే అది తప్పుడు అలారం కావచ్చు. పేరున్నవి అరడజను పైన పట్టుకుంటే నమ్మండి. సెర్చ్‌లో ఆ వరుసే దొరకలేదంటే ఫైలు మంచిదని కాదు, ఆ ఫైలును అక్కడ ఇంతకుముందు ఎవరూ చూడలేదని మాత్రమే.

విండోస్ సెక్యూరిటీలో ఒక మూల తప్పక చూడండి: మేనేజ్ సెట్టింగ్స్‌లో కిందికి పోతే ఎక్స్‌క్లూజన్స్ ఉంటుంది. లైసెన్సు లేని విండోస్, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్లు వేసేటప్పుడు డిఫెండర్ అడ్డుపడకుండా కొన్ని ఫోల్డర్లను, ఒక్కోసారి సీ డ్రైవ్ మొత్తాన్ని ఇందులో పెట్టేస్తారు. అక్కడ సీ డ్రైవ్ పేరుంటే ఎన్ని స్కాన్‌లు చేసినా "ఏమీ లేదు" అనే వస్తుంది. మీరు పెట్టనివన్నీ తీసేసి మళ్లీ స్కాన్ చేయండి. కేఎంఎస్ పేరుతో హ్యాక్‌టూల్ అని పట్టుకుంటే అది లైసెన్సు దొంగతనానికి వాడిన పనిముట్టు. ఉంచుకోవద్దు.

తీసేసిన ఫైలు మళ్లీ మళ్లీ వస్తోందంటే దాన్ని పుట్టించేది ఇంకోటి ఉంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఆటోరన్స్ తెరిచి ఆప్షన్స్‌లో హైడ్ మైక్రోసాఫ్ట్ ఎంట్రీస్ టిక్ పెట్టండి. సిస్టమ్ లేవగానే మొదలయ్యేవన్నీ కనబడతాయి. గులాబీ రంగు వరుసలు సంతకం తేలనివి, పసుపువి ఫైలే లేనివి. అనుమానం ఉన్నదాని టిక్ తీయండి, డిలీట్ చేయొద్దు. పొరపాటైతే టిక్ తిరిగి పెట్టొచ్చు.

అన్ని ఫైళ్ల పేర్ల చివరా ఒకే కొత్త తోక

ఫోటోలు, డాక్యుమెంట్లు అన్నింటికీ ఒకే నాలుగక్షరాల తోక తగిలి, ఫోల్డర్ ఫోల్డర్‌కూ అండర్‌స్కోర్ రీడ్‌మీ అనే టెక్స్ట్ ఫైలు కనబడితే అది స్టాప్ డెజావూ అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్లతో ఇళ్లలోకి వస్తుంది. 980 డాలర్లు అడుగుతుంది, 72 గంటల్లో కడితే 490 అంటుంది. కట్టొద్దు.

నెట్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి, బయటి హార్డ్ డిస్క్ తీసేయండి. విండోస్ వెంటనే మార్చేయొద్దు. ముందు తోక తగిలిన ఫైళ్లన్నీ, ఆ రీడ్‌మీ ఫైలుతో సహా వేరే డిస్క్‌కు కాపీ తీసి దాచండి. 2016లో డచ్ పోలీసులు, యూరోపోల్, భద్రతా కంపెనీలు కలిసి మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ సైటులో రెండు ఫైళ్లు ఎక్కించి తాళంచెవి దొరికిందేమో చూడండి. పాతవాటికి, నెట్ లేనప్పుడు తాళం వేసినవాటికి దొరికే వీలుంది. ఈ వైరస్ ప్రతి ఫైలులో మొదటి 150 కేబీనే గిలకొడుతుంది కాబట్టి పెద్ద వీడియోలు రిపేరు సాఫ్ట్‌వేర్‌తో కొన్ని తిరిగి రావచ్చు. దీంతోపాటు పాస్‌వర్డ్‌లు ఎత్తుకుపోయేవి కూడా దిగుతుంటాయి. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. 1930కు ఫోన్ చేయండి, లేదా కేంద్రం వారి సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

తీసేసే పద్ధతి

వైరస్ అని తేలినదాన్ని డిఫెండర్‌తోనే తీయించండి. మిగతావాటికి డీ డ్రైవ్‌లో ఒక పక్క ఫోల్డర్ పెట్టి అందులోకి మార్చండి. మార్చేముందు పాత దారిని కాపీ యాజ్ పాత్‌తో తీసి, అదే ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైలులో రాసుకోండి. తిరిగి పెట్టాల్సొస్తే ఆ రాత లేకుండా కుదరదు. విండోస్ ఫోల్డర్, ప్రోగ్రామ్ ఫైల్స్ లోపలివి ఇలా మార్చొద్దు, వాటికి అన్‌ఇన్‌స్టాల్ ఒక్కటే దారి.

కనీసం నెల రోజులు అలా ఉంచండి. జీఎస్టీ వేసే ఇల్లయితే ఒక నెల 20వ తేదీ దాటేదాకా ఆగండి, నెలకోసారి తెరిచే సాఫ్ట్‌వేర్ ఆ లోపు ఒకసారైనా నడవాలి. ఏదీ ఆగకపోతే మామూలు డిలీట్ కొట్టండి, షిఫ్ట్ లేకుండా.

"ఫైల్ ఈజ్ ఓపెన్" అంటూ తీయనివ్వకపోతే స్టార్ట్‌లో రిసోర్స్ మానిటర్ తెరిచి, సీపీయూ ట్యాబ్‌లో అసోసియేటెడ్ హ్యాండిల్స్ దగ్గర ఫైలు పేరు వెతకండి. పట్టుకున్న ప్రోగ్రామ్ పేరు అక్కడే వస్తుంది, దాన్ని మూస్తే ఫైలు వదులుతుంది. "ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ నుంచి అనుమతి కావాలి" అంటే మాత్రం అది విండోస్ సొంత ఫైలు. అక్కడితో ఆగి, దాన్ని ఉన్నచోటే ఉండనీయండి.